ఇంటిపేరు తెలిసింది, పేరు?

బాక్టీరియాల శాస్త్రీయ నామాలు మన పేర్లలాగే ఉంటాయి: ముందు ఇంటిపేరు, తరవాత పేరు. స్టెఫిలోకాకస్ ఆరియస్‌లో మొదటిది ఇంటిపేరు, రెండోది పేరు. ఈ రెండూ తెలుసుకోవడానికి ల్యాబులో పాత దారి కల్చర్. నమూనాను ప్లేటు మీద పూసి, పెరిగినదాన్ని పరీక్షిస్తారు. అయితే గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ సోకిన రోగి అప్పటికే యాంటీబయాటిక్స్ వాడి ఉంటే ప్లేటు మీద ఏమీ మొలవకపోవచ్చు. చచ్చిన బాక్టీరియా పెరగదు కదా. దాని డీఎన్ఏ మాత్రం ఆపరేషన్‌లో తీసిన కవాటం ముక్కలో మిగిలి ఉంటుంది. అప్పుడు అక్కరకొచ్చేది 16ఎస్ పరీక్ష.

16ఎస్ జన్యువు ప్రతి బాక్టీరియాలోనూ ఉంటుంది. పొడవు దాదాపు 1,500 డీఎన్ఏ అక్షరాలు. దాన్ని దరఖాస్తు ఫారం అనుకోండి. అచ్చువేసిన మాటలు అందరికీ ఒకటే. మధ్యలో ఉన్న తొమ్మిది ఖాళీల్లో ఎవరి వివరాలు వాళ్లవి. సుమారు ఇరవై అక్షరాల ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ ముక్కలు ఆ అచ్చుమాటలకే అతుక్కుంటాయి. అందుకే దొంగ ఎవరో తెలియకుండానే పట్టుకోవచ్చు. 1907లో విపుల్ (Whipple) అనే వైద్యుడు వర్ణించిన పేగు జబ్బుకు కారణమైన బాక్టీరియా ఎవరి వంశమో 1990ల మొదట్లో ఇలాగే బయటపడింది. దాన్ని ల్యాబులో పెంచగలిగింది మాత్రం 2000లో.

పనితనం చూడాలంటే ట్యూబుల వరస దగ్గరికి రావాలి. కొన్ని బాక్టీరియాల గోడలు మందం. వాటిని ఎంజైములో నానబెట్టి, సన్నటి పూసలతో కలిపి జోరుగా కుదిపితే గానీ డీఎన్ఏ బయటికి రాదు. తరవాత ఆ జన్యువుకు ప్రతులు తీసే పీసీఆర్ యంత్రంలో 95 డిగ్రీలకు వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం; ఇలా ముప్పై అయిదు సార్లు. ఆ వరసలో ఒక ట్యూబులో రోగి నమూనా ఉండదు, శుభ్రమైన నీళ్లే ఉంటాయి. పీసీఆర్ ఎంజైమును తరచు బాక్టీరియాలోనే తయారుచేస్తారు కాబట్టి దాని డీఎన్ఏ లవలేశం అందులో ఉండిపోవచ్చు. నీళ్ల ట్యూబులోనూ ఫలితం కనిపించిందా, ఆ పూట చేసినదంతా అనుమానించాల్సిందే.

ఆ ప్రతుల్లోని అక్షరాలను ఇంకో యంత్రం చదివాక, చివరికి తెర మీద నాలుగు రంగుల్లో శిఖరాలు, అక్షరానికి ఒకటి చొప్పున. ఒకే చోట రెండు రంగులు ఒకదాని మీద ఒకటి లేస్తుంటే నమూనాలో ఇద్దరున్నారేమో చూడాలి. యంత్రం చదివినదాన్ని మనిషి కన్ను మళ్లీ చదువుతుంది.

అసలు పరీక్ష రిపోర్టు రాసేటప్పుడు. న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్ న్యుమోనియేకీ, నోట్లో ఊరికే ఉండే స్ట్రెప్టోకాకస్ మైటిస్‌కీ 16ఎస్ 99 శాతానికి పైగా ఒకటే. చదివిన అక్షరాలను డేటాబేసుతో పోల్చినప్పుడు జాబితాలో ఒక పేరు పైన కనిపించినా అనుభవమున్నవాళ్లు దాన్నే రిపోర్టులోకి ఎక్కించెయ్యరు. 'స్ట్రెప్టోకాకస్, మైటిస్ గ్రూపు' అని రాసి ఆగుతారు. పేరు తేల్చడానికి ఇంకో పరీక్ష పెడతారు.