చూసినా చెప్పని విద్య

ఫిబ్రవరి తెల్లవారుజాము. మైనస్ 30 డిగ్రీల చలి. అమెరికాలో మినెసోటా రాష్ట్రపు ఉత్తరాన, డులూత్ నగరానికి గంట ప్రయాణం దూరంలో, మంచు కప్పిన మట్టిరోడ్డు వార నాలుగైదు కార్లు ఆగి ఉంటాయి. ఆ చలిలో కూడా ఇంజన్లు ఆపేసే ఉంటాయి. ఎవరూ దిగరు, తలుపు చప్పుడు చేయరు. అద్దం సగం దించి, బైనాక్యులర్లు కళ్లకు ఆనించి, అందరూ ఒకే స్ప్రూస్ చెట్టు వైపు చూస్తుంటారు. ఆ చెట్టు కొన మీద బూడిదరంగు ముద్ద ఒకటి. కాసేపటికి ముద్ద తల తిప్పుతుంది. కంచమంత ముఖం, అందులో రెండు చిన్న పసుపు కళ్లు. ఉత్తరాది అడవుల పెద్ద గుడ్లగూబ, గ్రేట్ గ్రే.

ఎవరైనా రెప్ప వాల్చకుండా చూస్తే ‘గుడ్లగూబలా చూస్తావేం’ అంటాం. ఇక్కడ గుడ్లప్పగించి చూసేది మనుషులే. ఆ పక్షి వింటోంది. మన మాటలో గుడ్లూ ఉన్నాయి, గూబా ఉంది. చెవి పక్క భాగాన్ని కూడా మనం గూబే అంటాం కదా. నిఘంటువుల సంగతెలా ఉన్నా, ఈ పక్షి బతికేది మాత్రం రెండో సగం మీదే.

ఈ చోటు పేరు సాక్స్-జిమ్ బాగ్. దాదాపు 300 చదరపు మైళ్ల చిత్తడి అడవి, మధ్య మధ్య గడ్డి పొలాలు. శీతకాలం గుడ్లగూబల కోసం దేశం నలుమూలల నుంచీ జనం ఇక్కడికి వస్తారు. వాళ్ల విద్య ఏమిటి, దాని విలువ ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

ఎందుకు దిగి వస్తాయి?

మన కొల్లేరుకు ఏటా వచ్చే కొంగల్లా ఈ గుడ్లగూబలు నియమం తప్పకుండా రావు. ఒక ఏడు పదో పరకో కనిపిస్తాయి, మరో ఏడు వేలల్లో దిగుతాయి. ఇలా ఉప్పెనలా రావడాన్ని పక్షి శాస్త్రంలో ‘ఇరప్షన్’ అంటారు. దీని వెనకున్నది ఎలుకల లెక్క. కెనడా అడవుల్లో వోల్ అనే పొట్టితోక ఎలుకలు మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. తిండి కరువైన గ్రేట్ గ్రేలు దక్షిణానికి దారి పడతాయి. 2004-05 చలికాలంలో ఒక్క మినెసోటాలోనే ఐదు వేలకు పైగా లెక్కకు వచ్చాయి. వాటిలో వందలు రోడ్ల మీద కార్ల కింద పడి చచ్చాయి.

తెల్లటి స్నోవీ గుడ్లగూబది ఇంకో కథ. అది ఆర్కిటిక్ పక్షి, లెమింగ్ అనే ఎలుకల మీద బతుకుతుంది. లెమింగ్‌లు బాగా పెరిగిన ఏడు గూడు నిండా పిల్లలు లేస్తాయి. ఆ కుర్రపక్షులే చలికాలంలో దక్షిణానికి చెదిరిపోతాయి. 2013-14లో అమెరికా తూర్పు తీరానికి వచ్చిన ఉప్పెన అలాంటిదే. ఒకటి ఫ్లోరిడా దాకా పోయింది. అంత దూరం వచ్చిన పక్షి ఆకలికి తాళలేకే వచ్చిందని జనం జాలిపడతారు. పట్టి తూచి చూస్తే వాటిలో చాలావాటికి ఒంటినిండా కొవ్వుంది.

గుర్తులు చదవడం

గుడ్లగూబను వెతికేవాడు ముందు గుడ్లగూబ కోసం చూడడు, నేల చూస్తాడు. దేవదారు జాతి చెట్ల కింద సున్నం జల్లినట్టు తెల్లటి రెట్ట మరకలుంటే పైన ఎవరో కాపురం ఉన్నట్టు. ఆ పక్కనే బొటనవేలంత బూడిదరంగు ఉండలు కనిపిస్తాయి. గుడ్లగూబ ఎలుకను చాలాసార్లు అమాంతం మింగేస్తుంది. అరగని బొచ్చూ ఎముకలూ కడుపులోనే ఉండచుట్టుకుని తర్వాత నోటి వెంట బయటికి వస్తాయి. ఒక ఉండను విప్పితే చిట్టి పుర్రెలూ దవడలూ చెక్కుచెదరకుండా దొరుకుతాయి. నిన్న రాత్రి భోజనం ఏమిటో వాటిని బట్టే చెప్పేయవచ్చు.

చెవులకూ పని పెట్టాలి. మన ఊళ్లో పైడికంటి గుడ్లగూబ పొరపాటున పగలు బయటికొస్తే కాకులూ గొరవంకలూ గోల చేస్తూ వెంటపడతాయి. అక్కడ ఆ పని చికడీ పిట్టలూ జే పక్షులూ చేస్తాయి. ఒక చెట్టు చుట్టూ పిట్టలన్నీ చేరి తిట్టిపోస్తుంటే, ఆ ఆకుల మధ్య ఏదో కళ్లు మూసుకుని కూర్చునే ఉంటుంది. జాతిని బట్టి వెతికే చోటు కూడా మారుతుంది. హాక్ ఔల్ పట్టపగలే చెట్టు చిటారున కూర్చుంటుంది. స్నోవీకి అడవితో పనిలేదు. పొలం, విమానాశ్రయం, సముద్రపు ఒడ్డు, తన టండ్రా లాంటి బయలు ఏదైనా చాలు.

అన్నిటికన్నా అందమైన గుర్తు మంచు మీద పడుతుంది. నలగని మంచు మధ్యలో ఒక గుంట, దానికి అటూ ఇటూ విసనకర్రలు పరిచినట్టు రెక్కల ఈకల అచ్చులు. దగ్గరికి రావడానికి అడుగుల జాడ ఉండదు, పోవడానికీ ఉండదు. అది గ్రేట్ గ్రే వేటాడిన ముద్ర. రెక్కలు విప్పితే ఐదడుగుల పక్షి. బరువు మాత్రం నాటుకోడి పెట్టంత, కిలో ఆపైన కాస్త. మిగిలినదంతా ఈకలే. రెండడుగుల మంచు కింద సొరంగంలో కదిలే వోల్‌ను అది చెవులతోనే పసిగడుతుంది. ఒక చెవి రంధ్రం పైకి, ఇంకోటి కిందికి ఉంటాయి. శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉన్న ఆ చిన్న తేడానే దానికి కొలబద్ద. అయితే మంచు శబ్దాన్ని వంచేస్తుంది, ఎలుక ఒకచోట ఉంటే చప్పుడు మరోచోట నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. అందుకే ఈ పక్షి దూకే ముందు సరిగ్గా ఎలుక నెత్తిన, గాలిలో ఒక్క క్షణం ఆగి రెక్కలాడిస్తుంది. నిట్టనిలువున వింటే ఆ మోసం ఉండదు. కెనడాలోని మానిటోబా అడవుల్లో మంచు కింద స్పీకర్లు పాతి, శబ్దాలు రికార్డు చేసి పరిశోధకులు 2022లో తేల్చిన సంగతి ఇది.

పట్టడం, కొలవడం, వదలడం

ఈ విద్యకు మూలం నూరేళ్ల వెనక ఉంది. అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ నాడు జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పక్షుల్నీ జంతువుల్నీ కాలుస్తారో చూసుకునే వేట పోటీ ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు, కాల్చడం మాని లెక్కపెడదాం రమ్మన్నాడు. ఆ ఏడు 27 మంది 25 చోట్ల లెక్కపెట్టారు. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతోంది.

లెక్క తర్వాతి మెట్టు కాలికి ఉంగరం తొడగడం. సా-వెట్ అనే పిడికెడంత గుడ్లగూబ ఉంది. రంపానికి సాన పట్టే చప్పుడులాంటి అరుపని ఆ పేరు. 80 గ్రాముల బరువు. దీన్ని అరుదైన పక్షి అనుకునేవారు. శరదృతువు రాత్రుల్లో అడవిలో సన్నని వలలు కట్టి, మగపక్షి కూతను రికార్డు చేసి వినిపిస్తే, అవి వేలల్లో ప్రయాణిస్తున్నాయని బయటపడింది. ఇప్పుడు ప్రాజెక్ట్ ఔల్‌నెట్ పేరుతో నూరుకు పైగా కేంద్రాలు ఈ పని చేస్తున్నాయి. చాలాచోట్ల పని చేసేది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. దీని వయసు చెప్పే పద్ధతి చిత్రంగా ఉంటుంది. గదిలో దీపం ఆర్పి, రెక్క విప్పి, కింద అతినీలలోహిత కాంతి చూపిస్తారు. ఈకల్లో ఉండే పార్ఫిరిన్ అనే రంగుపదార్థం గులాబీ రంగులో వెలుగుతుంది. కొత్త ఈక ధగధగలాడుతుంది, పాతది వెలవెలబోతుంది. రెక్కంతా ఒకే గులాబీ అయితే ఈ ఏటి పిల్ల, అతుకులు వేసినట్టుంటే పెద్దది. త్వరగా కొలతలు ముగించి, కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి వదిలేస్తారు.

స్నోవీల సంగతి విమానాశ్రయంలో మొదలైంది. బోస్టన్ లోగన్ విమానాశ్రయం రన్‌వేలు వాటికి టండ్రాలాగే కనిపిస్తాయి. ఇంజన్‌కు తగిలితే పక్షికీ విమానానికీ ముప్పే. మాసచూసెట్స్ ఆడుబాన్ సంస్థకు చెందిన నార్మన్ స్మిత్ 1981 నుంచి అక్కడ వాటిని పట్టి, ఉంగరం తొడిగి, దూరంగా సముద్రతీరాల్లో వదులుతూ వచ్చారు. దక్షిణానికి వచ్చిన స్నోవీ ఇక తిరిగి వెళ్లలేదు, ఇక్కడే చస్తుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే అవి మళ్లీ ఆర్కిటిక్ చేరుతున్నాయని తేలింది. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఒక విమానాశ్రయంలో స్నోవీలను కాల్చి చంపినప్పుడు జనం మండిపడ్డారు. దాంతో అక్కడా బోస్టన్ పద్ధతే పాటిస్తామని అధికారులు ప్రకటించారు. ఒక మనిషి ఓపిగ్గా ఏళ్ల తరబడి చేసిన పని ఇంకో నగరానికి దారి అయింది.

ఆ చలికాలంలోనే ప్రాజెక్ట్ స్నోస్టార్మ్ పుట్టింది. ప్రజల చందాలతో కొన్న 40 గ్రాముల సౌరశక్తి ట్రాన్స్‌మిటర్‌ను స్నోవీ వీపుకు తగిలిస్తారు. అది సెల్‌ఫోన్ టవర్ల ద్వారా కబురు పంపుతుంది. ఆర్కిటిక్‌లో టవర్లుండవు కాబట్టి వేసవంతా మౌనం. మళ్లీ చలికాలంలో పక్షి దిగి వచ్చి మొదటి టవర్ అందుకోగానే, దాచిపెట్టుకున్న నెలల ప్రయాణమంతా ఒక్కసారిగా కురిపిస్తుంది. పరదేశం పోయిన బిడ్డ ఉత్తరాలన్నీ ఒకేరోజు వచ్చినట్టే. గడ్డకట్టిన సరస్సుల మీద రోజుల తరబడి ఉండి నీటిపక్షుల్ని వేటాడే స్నోవీలున్నాయని ఈ ఉత్తరాలే చెప్పాయి. స్నోవీల సంఖ్యను మునుపు లక్షల్లో ఊహించేవారు, ఇప్పుడు వేలల్లోనే అంటున్నారు. 2017లో దాన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చారు.

నోరు కట్టుకోవడం

ఇప్పుడు అసలు విద్య. పక్షి ప్రేమికులకు పాత అలవాటొకటి ఉంది. అరుదైనది కనిపిస్తే నలుగురికీ చెప్పాలి. గుడ్లగూబ దగ్గర ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. 2021 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక స్నోవీ వాలింది. అక్కడ 1890 తర్వాత అదే మొదటిది. కబురు క్షణాల్లో పాకింది, జనం గుమిగూడారు. చలికాలంలో గుడ్లగూబకు ప్రతి రెక్క విదిలింపూ ఖర్చే. పగలు కునుకు తీయాల్సిన పక్షిని పదిసార్లు లేపితే, రాత్రి అది పట్టే ఎలుకలు ఆ ఖర్చుకు చాలకపోవచ్చు.

ఇంకా పెద్ద రభస పెంపుడు ఎలుకలతో వస్తుంది. దుకాణంలో కొన్న ఎలుకను మంచు మీద వదిలి, గుడ్లగూబ కెమెరాకేసి దూసుకొచ్చే ఫొటో తీసుకునేవాళ్లున్నారు. అలా మనిషినీ కారునీ తిండితో ముడిపెట్టుకున్న పక్షి రోడ్డు వదలదు. మరి శాస్త్రజ్ఞులు కూత వినిపించి, ఎర చూపి పట్టడం లేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు లైసెన్సుంది, సమయానికి హద్దుంది, పుట్టిన సమాచారం పక్షికే తిరిగి పనికొస్తుంది. ఫొటోకు ఆ మూడూ లేవు.

అందుకే కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. కారునే మరుగుగా వాడుకోవాలి. పక్షి ఒళ్లు సన్నగా నిక్కించినా, కళ్లు చికిలించి మనవైపే చూస్తున్నా, మనం మరీ దగ్గరికి వచ్చామని లెక్క. వెనక్కి తగ్గాలి. రాత్రి ఫ్లాష్ వాడకూడదు. ఈబర్డ్ వంటి నమోదు వేదికలు కొన్ని గుడ్లగూబల జాడను కొన్ని ప్రాంతాల్లో బయటికి చూపించవు. సమాచారం శాస్త్రానికి చేరుతుంది, జనానికి చేరదు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. చూడనిదాన్ని ఎవరు ప్రేమిస్తారు, ప్రేమించనిదాన్ని ఎవరు కాపాడతారు? సాక్స్-జిమ్ దానికి జవాబు చూపించింది. అక్కడ 2011లో ఏర్పడిన మిత్రబృందం వచ్చేవాళ్ల కోసం స్వాగత కేంద్రం కట్టింది, మర్యాదలు నేర్పింది, చందాలతో అడవి భూమి కొని కాపాడుతోంది. చోటు అందరిదీ కావచ్చు. గుడ్లగూబ నిద్రపోయే కొమ్మ మాత్రం దానిదే.

మన గట్టు మీద

ఈ కబుర్లు మనకెందుకు అనుకోవచ్చు. ఉత్తర ఆసియాలో పుట్టే పొట్టిచెవుల గుడ్లగూబ ఏటా చలికాలానికి భారతదేశపు గడ్డి మైదానాలకు వస్తుంది. అది చాలావరకు చెట్టెక్కదు, గడ్డిలో నేల మీదే పడుకుంటుంది. బీడు అని మనం తీసిపారేసే భూమే దానికి పడకగది. అక్కడ ప్లాట్లు లేస్తే అది పోయే చోటుండదు.

ఎలుకల మందు బెడదా అక్కడికీ ఇక్కడికీ ఒకటే. మందు తిన్న ఎలుక వెంటనే చావదు. మత్తుగా తిరుగుతూ గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. న్యూయార్క్‌లో జూ నుంచి తప్పించుకుని ఏడాది పాటు నగరాన్ని మురిపించిన ఫ్లాకో అనే గుడ్లగూబ 2024లో భవనానికి కొట్టుకుని చచ్చినప్పుడు, దాని ఒంట్లో ఆ మందులే బయటపడ్డాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2023లో వాటిలో బాగా ప్రమాదకరమైన రకాలను కొద్ది మినహాయింపులతో నిషేధించింది.

ఇక మన సొంత తప్పులు మనకున్నాయి. ఇంటి మీద వాలితే కీడంటాం, రాళ్లేస్తాం. దీపావళి దగ్గరపడితే దేశంలో కొన్నిచోట్ల బలి కోసం దొంగతనంగా అమ్ముతారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబను వేటాడటం, అమ్మడం నేరం. చేలో ఎలుకల్ని జీతం అడక్కుండా పట్టే కాపలాదారుకు మనమిచ్చే మర్యాద ఇది.

ఈ చలికాలం పొద్దుగుంకే వేళ చేలగట్టున గుడ్లగూబ కనబడితే కాసేపు ఆగండి. దూరం నుంచే చూడండి. పిల్లలుంటే చూపించండి. ఫొటో తీస్తే తీయండి. ఎవరైనా ఎక్కడని అడిగితే ఊరి పేరు చెప్పండి, చెట్టు గుర్తు మాత్రం చెప్పకండి.