నడుస్తుండగానే మరమ్మతు

ఇంటర్మీడియట్ బోటనీ పుస్తకంలోని బాక్టీరియా బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్యాప్సూల్ ఆకారం, చుట్టూ రెండు మూడు గీతలు, మధ్యలో మెలికలు తిరిగిన డీఎన్‌ఏ, చుక్కచుక్కలుగా రైబోసోములు, వెనక ఒక తోక. బాణాలు గీసి పేర్లు రాస్తే మార్కులు గ్యారంటీ. బొమ్మలో భాగాలన్నీ ఉన్నాయి గానీ, వాటి మధ్య బోలెడంత ఖాళీ ఉంది, కదలిక మాత్రం లేదు. నిజమైన కణంలో అణువులు ఒకదాన్నొకటి తోసుకునేంత కిక్కిరిసి ఉంటాయి. పని ఒక్క క్షణం ఆగదు.

మన పేగుల్లో కాపురం ఉండే ఇ.కోలైనే తీసుకుందాం. పిల్లల వైద్యుడు థియోడర్ ఎషెరిష్ 1885లో పసిపిల్లల మలంలో దీన్ని చూసి వివరించాడు. పొడవు సుమారు 2 మైక్రాన్లు. ఐదొందల కణాల్ని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. కావలసినంత తిండి, 37 డిగ్రీల వెచ్చదనం దొరికితే 20 నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. అంటే గోడ పెరగాలి, డీఎన్‌ఏ రెట్టింపు కావాలి, ప్రోటీన్లన్నీ మళ్లీ తయారు కావాలి, ఈలోపు ఈదుకుంటూ తిండి వెతుక్కోవాలి. ఒక పని కోసం ఇంకో పని ఆపే వెసులుబాటు లేదు. దీని పనితనంలోని అసలు గుట్టు నాకు అక్కడే కనిపిస్తుంది.

ముందు గోడ సంగతి. కణం లోపల లవణాలు, ప్రోటీన్లు చిక్కగా ఉంటాయి కాబట్టి బయటి నీరు లోపలికి చొరబడుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి కొవ్వుతో చేసిన పల్చటి త్వచం ఒక్కటే అయితే నిలవదు. కొన్ని గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాల్లో ఈ ఒత్తిడి 20 అట్మాస్ఫియర్ల దాకా వెళ్తుంది. ఇ.కోలైలో అంత ఉండదు గానీ, త్వచాన్ని చీల్చడానికి ఉన్నదే ఎక్కువ. అందుకే త్వచానికి బయట కణకవచం. దాని ముడిసరుకు పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెరలు ఒకటి విడిచి ఒకటి చేరితే పోగు అవుతుంది. పోగుకీ పోగుకీ మధ్య పొట్టి పెప్టైడ్ ముడులు పడతాయి. ఆ ముడుల్లో కొన్ని ఎమైనో ఆమ్లాలు డి-రూపంలో ఉంటాయి. ప్రోటీన్లలో ఉండే ఎల్-రూపానికి ఇవి అద్దంలో ప్రతిబింబాలు. ప్రోటీన్లను కొరికే మామూలు ఎంజైములకు ఇవి పళ్లకు అందవు. సరుకు ఎంపికలోనే ఎంత జాగ్రత్తో చూడండి.

ముడులన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోవడంతో గోడ మొత్తం ఒకే ఒక్క అణువు. కణాన్ని డిటర్జెంటు వేసి మరిగిస్తే మిగతాదంతా కరిగిపోయి, ఈ సంచి ఒక్కటీ కణం ఆకారంలోనే మిగులుతుంది. దీన్ని సంచి ఆకారంలో ఉన్న మహా అణువుగా 1964లో వైడెల్, పెల్జర్ వర్ణించారు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. సంచి ఒకటే అణువు, లోపల ఒత్తిడి, పైగా కణం పెరగాలి. గాలి నిండిన సైకిల్ ట్యూబును గాలి తీయకుండానే కోసి, మధ్యలో కొత్త రబ్బరు అతికి సాగదీయమంటే ఏ మెకానిక్కయినా దండం పెట్టి పంపేస్తాడు. ఇ.కోలై అనుక్షణం చేసేది ఆ పనే. త్వచం లోపలి వైపు ఎమ్ఆర్ఈబీ అనే ప్రోటీన్ తంతువులు ఉంటాయి. వాటి వెంట గోడ కట్టే ఎంజైముల జట్టు కణం నడుము చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పాత ముడి తెగేచోట కొత్త పోగు చేరుతుంది, వెంటనే కొత్త ముడి పడుతుంది. ఈ జట్టును తిప్పుతున్నది ఏమిటని 2011 ప్రాంతంలో వెతికితే, వేరే మోటారేమీ దొరకలేదు. గోడ కట్టే పనే వాటిని ముందుకు నెడుతోంది. కోసిన పాత సరుకునూ పారెయ్యదు. ఒక తరంలో గోడలో దాదాపు సగం ఊడదీసి, అందులో ఎక్కువ భాగాన్ని లోపలికి లాక్కుని మళ్లీ వాడుకుంటుంది. అదీ ఎక్కడా చిల్లు పడకుండా.

ఇక తోక. దాని అసలు పేరు కశాభం. ఇది అటూ ఇటూ ఊగదు, గుండ్రంగా తిరుగుతుందని 1973లో హోవార్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ వాదించారు. మరుసటి ఏడాది సిల్వర్‌మన్, సైమన్ కశాభాన్ని గాజుపలకకు అతికించి చూశారు. తోక కదిలే దారి లేక, కణమే గిరగిరా తిరిగింది. దాని అడుగున ఉన్న మోటారు సుమారు 45 నానోమీటర్ల వెడల్పు. బయటి నుంచి లోపలికి జారే ప్రోటాన్లే దానికి ఇంధనం. సెకనుకు వందకు పైగా చుట్లు తిరుగుతుంది, కావాలంటే వెనక్కూ తిరుగుతుంది.

మోటారు గొప్పదే గానీ, నన్ను ఎక్కువ కట్టిపడేసేది దాన్ని కట్టే వరస. ముందు త్వచంలో వలయం, తర్వాత గోడను దాటే కడ్డీ, దానిపైన కొక్కెం, చివర కణానికి నాలుగైదు రెట్లు పొడవైన తంతువు. మొదటి నుంచి చివరి దాకా లోపల బోలు. ఆ సొరంగం వెడల్పు సుమారు 2 నానోమీటర్లు. తంతువును కట్టే ఫ్లాజెలిన్ ప్రోటీన్ మడత విప్పుకుని ఆ సొరంగంలోంచి కొస దాకా వెళ్లి, అక్కడున్న మూత కింద మళ్లీ మడత పడి తన చోట కూర్చుంటుంది. ఒక్కో తంతువులో ఇలాంటివి 20 వేల దాకా ఉంటాయి. కట్టడం పెరిగేది బయటి కొసన, సరుకు వచ్చేది లోపలి నుంచి.

మరి కొక్కెం పూర్తి కాకముందే ఫ్లాజెలిన్ తయారై కూర్చుంటే దండగ కదా? ఇ.కోలైకి దగ్గరి చుట్టమైన సాల్మొనెల్లాలో ఈ సంగతి బాగా తేలింది. ఫ్లాజెలిన్ జన్యువును తెరిచే ప్రోటీన్‌ను మరో ప్రోటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. అలా పట్టుకున్న దాని పేరు ఎఫ్ఎల్‌జీఎమ్. కొక్కెం 55 నానోమీటర్లకు చేరగానే ఎగుమతి ద్వారం సరుకు మారుస్తుంది. అప్పుడు ఆ ఎఫ్ఎల్‌జీఎమ్మే సొరంగంలోంచి బయటికి పోతుంది. పట్టు వదలగానే ఫ్లాజెలిన్ తయారీ మొదలు. సొరంగం సరిగ్గా పూర్తయితే తప్ప అడ్డు తొలగదు. అడ్డు తొలగిందంటే సొరంగం సిద్ధమైనట్టే. తనిఖీకి వేరే ఉద్యోగి అక్కర్లేదు. మన రోడ్ల కాంట్రాక్టుల్లో ఇలాంటి షరతు ఒక్కటి ఉంటే ఎంత బాగుండునో!

ఈ మోటారు తిరుగుతుండగానే దాని విడిభాగాలు మారిపోతుంటాయి. తిప్పే బలాన్నిచ్చే స్టేటర్ ముక్కలు అర నిమిషం అటూ ఇటూగా ఊడి, త్వచంలో తేలుతున్న వాటితో మారుతున్నాయని 2006లో ఆక్స్‌ఫర్డ్ బృందం మెరిసే ప్రోటీన్లు తగిలించి చూపింది. ఆగితే ఏమవుతుందో ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో లెక్కగట్టాడు. ఈ పరిమాణంలో నీరు ఎంత జిగురంటే, ఈత ఆపిన కణం ముందుకు జారే దూరం హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కూడా ఉండదు.

డీఎన్‌ఏ దగ్గర లెక్క మొదటి చూపుకి అసలు కుదరదు. 46 లక్షల అక్షరాలు, విప్పి చాపితే ఒకటిన్నర మిల్లీమీటర్లు. రెండు వైపుల నుంచీ సెకనుకు దాదాపు వెయ్యి అక్షరాల చొప్పున నకలు తీసినా 40 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత విడిపోవడానికి మరో 20. మరి కణం 20 నిమిషాలకే ఎలా రెండవుతోంది? కూపర్, హెల్మ్‌స్టెటర్ 1968లో జవాబు చెప్పారు. మొదటి నకలు సగంలో ఉండగానే రెండోది మొదలవుతుంది. కణం పుట్టేసరికే దానిలో మనవరాళ్లకు కావలసిన నకలు నడుస్తూ ఉంటుంది.

రైబోసోముల తీరూ ఇంతే. కేంద్రకం గోడ లేదు కాబట్టి, ఆర్ఎన్ఏ ఇంకా రాయడం పూర్తి కాకముందే రైబోసోములు ఎక్కి ప్రోటీన్ తయారుచేస్తుంటాయి. ఈ రైబోసోమును ఆపడమే టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందుల పని. వాటిలో మొదటిది ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నాడు, 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ రైబోసోములో ఎక్కడ కూర్చుంటుందో 2000లో వెంకి రామకృష్ణన్ బృందం పరమాణువుల స్థాయిలో చూపింది.

పెన్సిలిన్ దెబ్బ మాత్రం గోడ మీదే. ముడి చివర ఉండే డి-అలనైన్ జంటను అది పోలి ఉంటుంది. ముడి వేసే ఎంజైము దాన్ని పట్టుకుని ఇక వదలలేకపోతుంది. కోసే ఎంజైములు మాత్రం తమ పని మానవు. ముడి పడకుండా కోత సాగితే గోడ బద్దలవుతుంది. అంటే పెన్సిలిన్ చంపేది పని చేస్తున్న కణాన్నే. 1944లో జోసెఫ్ బిగ్గర్ స్టాఫిలోకాకస్‌కు పెన్సిలిన్ పట్టించాడు. ఎంత సేపు ఉంచినా పిడికెడు మిగిలేవి. వాటికి నిరోధకత ఏమీ రాలేదు, వాటి సంతానం మళ్లీ మందుకు లొంగేది. అవి పెరగడం ఆపి ఉంటాయని ఆయన ఊహించాడు. 60 ఏళ్ల తర్వాత, 2004లో, నతాలీ బలబాన్ బృందం ఇలా మిగిలేవి ఎక్కువగా ఉండే ఇ.కోలై రకాన్ని తీసుకుని, ఒక్కో కణాన్నీ సూక్ష్మదర్శిని కింద వరసల్లో పెంచి, ఆంపిసిలిన్ పారించి చూసింది. మందు తగలకముందు నుంచే నత్తనడక నడుస్తున్న కణాలే బతికాయి. మందు తీసేశాక వాటిలో కొన్ని మళ్లీ పెరగడం మొదలుపెట్టాయి.