సమస్యాపూరణంగా కంప్యూటర్ ఆట: 'టిఐఎస్-100' - విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

జాక్ బార్త్ నేతృత్వంలోని జాక్‌ట్రానిక్స్ సంస్థ 2015లో వెలువరించిన వీడియో ఆట 'టిఐఎస్-100'. మరణించిన బంధువు ర్యాండీకి చెందిన పాడైన పాత కంప్యూటరు ఆటగాడి చేతికి వస్తుంది. ఆ యంత్రం కల్పితం. ఆట తానుగా ఏమీ నేర్పదు; వెంట వచ్చే ఇంగ్లీషు కరదీపికను చదివి, యంత్రభాషలో ఆదేశాలు రాయాలి. అవధాన పరిభాష ఆధారంగా ఈ ఆట బలాబలాలను నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమస్య - నిషేధం - ధారణ:

తెరపై 12 గడులుంటాయి. ఒక్కొక్క గడిలో 15 పంక్తులకు మించి రాయరాదు. లోనికి వచ్చే అంకెలు, వెలుపలికి రావలసిన అంకెలు ముందే నిర్ణీతం. నడిమి మార్గాన్ని ఆటగాడు నిర్మించాలి. చివరి పాదాన్నిచ్చి తక్కిన పాదాలను కోరే సమస్యాపూరణానికి ఇది సన్నిహితం. కొన్ని సమస్యలలో పాడైన గడులు దారికి అడ్డుపడతాయి. ఇది నిషిద్ధాక్షరిని తలపించినా భేదముంది. పృచ్ఛకుడు అవధాని ఆలోచనను పసిగట్టి అప్పటికప్పుడు నిషేధిస్తాడు. ఇక్కడి నిషేధం స్థిరం.

అసలు వైవిధ్యం ధారణలో ఉంది. అష్టావధానంలో ఒకే మనస్సు ఎనిమిది అంశాలను మోస్తుంది. ఇక్కడ ఒకే పనిని అనేక గడులు పంచుకుంటాయి. ఆదేశాలను నడిపే గడి తనలో రెండు అంకెలనే నిలుపుకోగలదు. పొరుగు గడికి అంకె పంపితే, అది అందుకొనే వరకు ఆగిపోతుంది. అందువల్ల ఆటగాడికి ప్రధాన సమస్య గణితం కాదు, సమన్వయం.

3. మూల్యాంకనంలోని వైరుధ్యం:

పూరణను ఆట మూడు కొలతలతో తూస్తుంది: పట్టిన ఆవృత్తులు, వాడిన గడులు, రాసిన ఆదేశాలు. వేగం పెంచబోతే తరచుగా ఆదేశాలు పెరుగుతాయి. ఉత్తమ పూరణ ఒక్కటే కాదని ఇలా అంగీకరించడం ఈ ఆట గొప్పతనం. అయితే ఇతరులకు బోధపడేలా రాశాడా అన్న ప్రశ్న ఈ కొలతల్లో లేదు. మరొకరు వదలిన యంత్రాన్ని ఓపికగా చదివి అర్థం చేసుకోవడం కథావస్తువు కాగా, పోటీ మాత్రం చదవడానికి దుర్గమమైన రాతకే తరచుగా పట్టం కడుతుంది. కథకూ క్రీడానియమానికీ ఇక్కడ పొత్తు కుదరలేదు.

4. ముగింపు:

పల్నాడు జిల్లా ముప్పాళ్ళ వంటి గ్రామీణ ప్రాంతాల తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇందులోని కొద్దిపాటి ఆదేశాలు అడ్డంకి కావు. కరదీపికలోని ఇంగ్లీషు వచనమే అడ్డంకి. దానిని తెలుగులో వివరించగలిగితే, అవధానం తెలిసిన తరగతికి ఈ ఆట పరాయిది కాదు. పూరణలో ఔచిత్యాన్ని కూడా చూసే మన సంప్రదాయం, ఈ ఆట విస్మరించిన నాలుగో కొలతను సూచిస్తుంది.