బరువును పట్టే కడియాలు

తమిళనాడులోని మహేంద్రగిరిలో సిద్ధమైన రాకెట్ క్రయోజెనిక్ దశ శ్రీహరికోట చేరాలంటే సూళ్లూరుపేట దాటాల్సిందే. 16వ నంబరు జాతీయ రహదారి వదిలి, పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డెక్కాలి. ఎల్‌వీఎం3 రాకెట్‌లో ఆ దశ వెడల్పు 4 మీటర్లు. ఇంధనాన్ని ప్రయోగ వేదిక మీదే నింపుతారు కనుక దారిలో లోపలంతా ఖాళీయే. అందుకే బరువుకన్నా కుదుపుతోనే దానికి ఎక్కువ ప్రమాదం. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ల చూపంతా రాకెట్ భాగం మీదే ఉంటుంది. దాన్ని ట్రైలర్‌కు పట్టి ఉంచే కడియాలు, షాకిళ్లు (పిన్నుతో మూసే ఉక్కు కొక్కేలు), గొలుసుల గురించి ఎవరూ మాట్లాడరు. వాటి వెనక పెద్ద విద్యే ఉంది. దాన్ని పట్టుదలగా సాధించినవాటిలో సైన్యాలు ముందుంటాయి.

సైనిక లారీ సరుకు మోస్తే సరిపోదు, అవసరమైతే తానే సరుకు కావాలి. రైలు వ్యాగన్ ఎక్కాలి, ఓడలోకి క్రేన్‌తో దిగాలి, విమానం కడుపులో కదలకుండా కూర్చోవాలి. అందుకే ఛాసీకి ముందూ వెనకా దిట్టమైన కడియాలు పెడతారు. సరుకు కట్టడానికి తొట్టి అడుగున వేరే రింగులు ఉంటాయి. లారీని ఎత్తేటప్పుడు ఛాసీ కడియం మీద లాగుడు పైకి, క్రేన్ కొక్కెం ఉన్న లోపలివైపుకు ఉంటుంది. కట్టేటప్పుడు కిందికి, బయటికి ఉంటుంది. రెండు పనులూ ఒకే కడియంతో చేయాలంటే రెండు వైపుల లాగుడుకూ తట్టుకునేలా దాన్ని తయారు చేయాలి. లేకపోతే వంగుతుంది, వెల్డింగ్ దగ్గర చీలుతుంది. అమెరికా సైన్యం ‘మిల్-ఎస్‌టీడీ-209’ అనే ప్రమాణాన్ని ప్రత్యేకంగా వీటి కోసమే రాసుకుంది.

ఒక షాకిల్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. దాని ఒంటి మీద, అది ఎంత బరువు మోయగలదో పోతపోసినట్టు ముద్రించి ఉంటుంది. ఆ ముద్ర చెరిగిపోతే దాన్ని పక్కన పెట్టాలి. లోహం అసలు మందంలో పదో వంతు అరిగినా అంతే. లాగుడు నిటారుగా ఉన్నప్పుడే ఆ అంకె చెల్లుతుంది. పూర్తిగా పక్కకు లాగితే విల్లు ఆకారపు షాకిల్ సత్తా సగానికి పడిపోతుంది. పిన్ను స్థానంలో చేతికి దొరికిన బోల్టు దూర్చడం మన దగ్గర మామూలైపోయింది. ఆ బోల్టు సత్తా ఎంతో ఎవరికీ తెలియదు. ప్రాణాలతో చెలగాటమంటే అదే.

సరుకును క్రేన్ కొక్కేనికి తగిలించే తాడు, అంటే స్లింగు, ఏ కోణంలో ఉందన్నది ఇంకా ముఖ్యం. 10 టన్నుల సరుకును రెండు స్లింగులతో నిటారుగా ఎత్తితే ఒక్కోదాని మీద 5 టన్నులే. అవి నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే 5.8 టన్నులు, 45 డిగ్రీలైతే 7.1. 30 డిగ్రీలకు వాలితే ఒక్కో స్లింగు 10 టన్నులు మోయాలి. సరుకు బరువు మారలేదు, స్లింగు పొట్టిదైంది, అంతే. పొడుగు స్లింగు తెమ్మని సరుకు కట్టి ఎత్తించే రిగ్గర్ పట్టుబడితే అది చాదస్తం కాదు, లెక్క.

కట్టడానికీ లెక్కుంది. గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుందని ఐరోపా ప్రమాణాలు లెక్కగడతాయి. పక్కలకైతే 50 శాతం. చెక్క మీద పెట్టిన ఇనుప సరుకుకు రాపిడి ఆపగలిగేది బరువులో సుమారు 30 శాతమే. మిగతాది గొలుసులూ ముందున్న అడ్డుగోడా ఆపాలి. కింద రబ్బరు చాప పరిస్తే రాపిడి దాదాపు రెట్టింపవుతుంది. కొంతదూరం పోయాక సరుకు సర్దుకుని కట్టు వదులవుతుంది. అప్పుడు బండి ఆపి మళ్లీ బిగించాలి.

మన లారీలకు చాలావరకు ఛాసీ కొని, బాడీ షెడ్డులో కట్టిస్తాం. పక్కలకు తాడు చుట్టుకునే కొక్కేలు పెట్టించి సరిపెట్టుకుంటాం. ఉప్పు బస్తాలకు అవి చాలు. జనరేటరుకో, పొక్లెయిన్‌కో చాలవు.

సూళ్లూరుపేట దారిలో బండ్లు తిప్పే యజమానులకు నా విన్నపం ఇది. కొత్త బాడీ కట్టించేటప్పుడు తొట్టి అడుగున నాలుగు మూలలా గట్టి రింగులు అడగండి. ఛాసీ కమ్మీకి వెల్డింగ్ చేయనివ్వకండి, ఆ వేడికి ఉక్కు సత్తా తగ్గుతుంది. కంపెనీ అనుమతించిన చోట బోల్టులతోనే బిగించమనండి. ప్రతి రింగు పక్కనా అది ఎన్ని టన్నులు ఆపగలదో పెయింటుతో రాయించండి.