అడిగి మరీ అన్నం పెట్టే పెట్టె

ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి బల్ల మీద పెట్టుకుని స్క్రూలు విప్పాను. రేకు మూత కింద అరచేయంత పచ్చటి బోర్డు. ఒక అంచున ఎనిమిది పోర్టులు, వాటి వెనక వరసగా నల్లటి చిన్న దిమ్మెలు, నడుమ అల్యూమినియం రెక్కల కింద ఒక చిప్. ఫ్యాను లేదు, అందుకే చప్పుడూ లేదు.

ఆ నల్ల దిమ్మెలు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. కేబుల్లోని రాగి చిప్‌ను ఎక్కడా తాకదు. సిగ్నల్ ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు అయస్కాంత క్షేత్రం మీదుగానే దాటుతుంది. ప్రమాణం ప్రకారం ఈ అడ్డు 1500 వోల్టులను తట్టుకోవాలి. దగ్గర్లో పిడుగు పడితే ఇదొక్కటే కాపాడలేదు కానీ, రెండు గదుల ఎర్తింగుల మధ్య ఉండే తేడాలను ఇక్కడే ఆపేస్తుంది.

కేబుల్లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. గిగాబిట్‌లో ప్రతి జత మీదా రెండు వైపుల మాటలూ ఒకేసారి నడుస్తాయి. తను పంపుతున్నదేమిటో చిప్‌కు తెలుసు కాబట్టి, తీగ మీద వినిపించే దాంట్లోంచి తన గొంతును తీసేసి మిగిలింది వింటుంది. 100 మెగాబిట్‌కైతే రెండు జతలు చాలు. అందుకే కొత్త స్విచ్ పెట్టినా వేగం 100 దగ్గరే ఆగితే ముందు చూడాల్సింది కేబుల్ చివర క్రింపింగ్.

చిప్ చేసే పని ఇంకా ముచ్చటైనది. పాత హబ్ ఒక పోర్టులో వచ్చినదాన్ని మిగతా అన్నింటికీ వినిపించేది. స్విచ్ అలా కాదు, ఎవరికి చేరాలో వాళ్ల పోర్టుకే పంపుతుంది. డేటా ఫ్రేమ్‌లనే చిన్న మూటలుగా వస్తుంది. ప్రతి ఫ్రేమ్ ముందు భాగంలో చేరాల్సిన చిరునామా ఆరు బైట్లు, పంపినవారిది ఆరు బైట్లు ఉంటాయి. స్విచ్ ఆ రెండోదాన్ని చూసి 'ఈ చిరునామా మూడో పోర్టు వెనక ఉంది' అని తన పట్టికలో రాసుకుంటుంది. చేరాల్సిన చిరునామా తెలియకపోతే, వచ్చిన పోర్టు తప్ప మిగతావాటన్నింటికీ పంపుతుంది. జవాబు రాగానే అదీ పట్టికలోకి ఎక్కుతుంది. సాధారణంగా 300 సెకన్లపాటు ఎవరి అలికిడీ లేకపోతే ఆ చిరునామాను చెరిపేస్తుంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. 1990లో కల్పన అనే అమెరికన్ కంపెనీ ఏడు పోర్టులతో తెచ్చిన ఈథర్‌స్విచ్‌తో ఈ రకం పెట్టెలు బజారుకొచ్చాయి. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది.

ఇంట్లో టీవీకి, కంప్యూటర్‌కి, వైఫై పెట్టెకి ఇంతవరకు చాలు. సెట్టింగుల గొడవ లేని అన్‌మేనేజ్డ్ గిగాబిట్ స్విచ్ తీసుకోండి. కొట్లో బిల్లింగ్ కంప్యూటర్ నడిచే తీగల మీదే కస్టమర్ల వైఫై కూడా నడపాలంటే మేనేజ్డ్ రకం కావాలి. అది ఫ్రేమ్‌కు నాలుగు బైట్ల చీటీ అంటించి, ఒకే పెట్టెను రెండు వేరు స్విచ్‌లలా వాడుకోనిస్తుంది. దీనికి ఖర్చు పెట్టడం దండగ కాదు.

కెమెరాలు ఉంటే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) స్విచ్. నాకు అన్నింటికంటే ఇష్టమైన పనితనం ఇందులోనే ఉంది. కరెంటు కూడా అదే కేబుల్లో పోవాలి, కానీ అవతల తగిలించింది కెమెరానో, ఎవరి లాప్‌టాపో? అందుకని ముందు 10 వోల్టులు దాటకుండా తడిమి చూస్తుంది. కెమెరా లోపల దాదాపు 25 కిలో ఓమ్‌ల నిరోధం కనిపించేలా ఏర్పాటు ఉంటుంది. అది తగిలితేనే ముందుకెళ్తుంది. తర్వాత ఎంత కావాలో తెలుసుకోడానికి ఇంకో కొలత తీసుకుంటుంది. ఆపైనే 48 వోల్టుల దగ్గర సరఫరా మొదలవుతుంది. కెమెరా ఊడదీస్తే అర సెకను లోపే ఆపేస్తుంది. ఏమీ అడక్కుండా కరెంటు తోసేసే చవక రకాలూ దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు.

2003 నాటి ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు, 2009 దాంట్లో 30. అయితే చూడాల్సింది డబ్బా మీది మొత్తం వాట్లు. ఎనిమిది పోర్టులున్నా మొత్తం 65 వాట్లే అనుకోండి. పగలు అయిదేసి వాట్లతో సరిపెట్టుకున్న ఎనిమిది కెమెరాలు చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించి తొమ్మిదేసి అడిగితే 72 అవుతుంది. కొనేముందు ఆ రాత్రి లెక్కే వేయండి.