పిల్లల సద్దిపెట్టె: కంటికా, కడుపుకా?

బడికి వెళ్లే బిడ్డ సద్దిపెట్టెకు అసలైన పరీక్ష ఉదయం 8 గంటలకు జరగదు. సాయంత్రం 5 గంటలకు జరుగుతుంది. పెట్టెలో ఏమి పెట్టినదీ తల్లికి తెలుసు. అందులో ఏమి తిన్నదీ బిడ్డకు తెలుసు. ఈ రెండింటికి నడుమ ఎంత ఎడమున్నదో సాయంత్రం గిన్నె కడగబోయినప్పుడు బయటపడుతుంది. మూలలో గట్టిపడిన అన్నం, కొరికి వదిలిన రొట్టె ముక్క, నీరుకారి పులిసిపోయిన కూర చెప్పే సాక్ష్యాన్ని ఏ పోషకాహార పట్టిక కూడ తోసిపుచ్చలేదు. ఎంత విలువైన తిండి అయినా కడుపులోకి చేరనంతవరకు అది పోషణ అనిపించుకోదు.

పిల్లల సద్దిపెట్టెను గురించి నేడు పత్రికల అనుబంధాలు, వంటల పుస్తకాలు, టెలివిజను కార్యక్రమాలు విస్తారంగా సలహాలు ఇస్తున్నవి. వాటి సారాంశం ఒక్కటే: పెట్టె ఆకర్షణీయంగా ఉండవలెను. క్యారెట్టును పువ్వువలె కోయండి, రొట్టెను నక్షత్రంవలె కత్తిరించండి, అన్నపు ముద్దకు మిరియాలతో కన్నులు పెట్టండి అని అవి చెబుతాయి. ఈ సలహాలలో సదుద్దేశం లేదని అనరాదు. కాని ఆకర్షణ అనే మాటకు అవి ఇచ్చే అర్థం చాల ఇరుకైనది. ఉదయం మూత పెట్టే ముందు కంటికి కనబడే అందాన్నే అవి లెక్కలోకి తీసుకొంటున్నవి. పెట్టెలో ఎంత సత్తువ ఉన్నది, నాలుగు గంటల తరువాత మూత తీసినప్పుడు అది ఏ స్థితిలో ఉంటుంది, దానిని తోటివారి నడుమ బిడ్డ సంకోచం లేకుండా తినగలదా అనే మూడు ప్రశ్నలను అవి వదలివేసినవి. ఈ ప్రశ్నలను ఒక ఊరి పెట్టెకు అన్వయించి చూస్తే విషయం తేటపడుతుంది.

శిరివెళ్ల పొలం, శిరివెళ్ల పెట్టె

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఉన్న మండల కేంద్రం శిరివెళ్ల. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడక ముందు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. తూర్పున నల్లమల కొండలు ఉన్నవి. పందొమ్మిదవ శతాబ్దిలో త్రవ్విన కర్నూలు–కడప కాలువ ఈ సీమలో వరిని విస్తరింపజేసినది. కాలువ నీరు అందని మెట్ట నేలలు జొన్నకు, కొర్రకు, శనగకు, కందికి, వేరుశెనగకు పేరు పొందినవి. పూర్వం ఈ సీమలో పొలానికి వెళ్లేవాని సద్దిమూటలో జొన్నరొట్టె, ఊరిబిండి, ఎర్రగడ్డ ఉండేవి. కాలువ క్రింది వరి, 1983లో రాష్ట్రంలో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కలిసి పేదవాని కంచంలోకి కూడ తెల్లన్నాన్ని తెచ్చినవి. ఆకలి తీరడానికి అది గొప్ప మేలు. అయితే దానితోపాటు జొన్న, కొర్ర వెనుకకు జరిగినవి.

ఇట్టి చోట ఏడవ తరగతి చదివే అమ్మాయి పెట్టెలో 100 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 50 గ్రాముల ఉర్లగడ్డ వేపుడు, అందులో 10 గ్రాముల నూనె ఉన్నవని అనుకొనవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలను బట్టి లెక్కిస్తే దీనిలో సుమారు 480 కేలరీల శక్తి, 9 గ్రాముల మాంసకృత్తులు, ఒక మిల్లీగ్రాము ఇనుము ఉంటాయి. ఆ అన్నాన్ని ఎలుగుబంటి ముఖంవలె తీర్చినా, ఉర్లగడ్డను పూలవలె కోసినా ఈ అంకెలు మారవు.

అదే ఊరి పంటలతో మరొక పెట్టె కట్టవచ్చును. 100 గ్రాముల జొన్నపిండి రొట్టెలు, 30 గ్రాముల వేరుశెనగ విత్తులతో నూరిన ఊరిబిండి, 30 గ్రాముల కందిపప్పుతో వండిన ఆకుకూర పప్పు, కొద్దిపాటి నూనె కలిస్తే శక్తి సుమారు 650 కేలరీలకు, మాంసకృత్తులు 24 గ్రాములకు, ఇనుము 6, 7 మిల్లీగ్రాములకు చేరుతుంది. పరిమాణమే కాక గుణంలో కూడ భేదమున్నది. ధాన్యాల మాంసకృత్తులలో లైసిన్ అనే ఆమైనో ఆమ్లం కొరత. పప్పులలో అది సమృద్ధి. పప్పులలో కొరతగా ఉండే మెథియోనిన్ ధాన్యాలలో లభిస్తుంది. రొట్టె, పప్పు కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది.

ఇనుమును గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 10 నుంచి 12 సంవత్సరాల బాలికకు రోజుకు 28 మిల్లీగ్రాముల ఇనుము కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సిఫారసు చేసినది. మొదటి పెట్టె అందులో 28వ వంతు మాత్రమే ఇస్తుంది. రెండవది సుమారు నాలుగవ వంతు ఇస్తుంది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 సంవత్సరాల బాలికలలో నూటికి 60 మందికి రక్తహీనత ఉన్నది. రక్తహీనతకు కారణం ఒక్క ఇనుము కొరతే కాదు. కాని అది ముఖ్య కారణాలలో ఒకటి. మధ్యాహ్నం తరువాతి పాఠంలో తూలిపోయే బాలికను సోమరి అని మందలించే ముందు, ఆమె పెట్టెలో ఏమున్నదో విచారించడం మంచిది.

ధాన్యాలలోను, ఆకులలోను ఉండే ఇనుమును శరీరం పూర్తిగా గ్రహించలేదు. గింజల పొట్టులోని ఫైటేట్లు దానిని బంధిస్తాయి. విటమిను ‘సి’ ఈ బంధాన్ని సడలిస్తుంది. కనుక పెట్టెతోపాటు ఒక జామకాయ పంపడం ఏ అలంకారంకంటెను విలువైనది. విటమిను ‘సి’ వేడికి నశిస్తుంది. అందుచేత చిత్రాన్నంలో నిమ్మరసాన్ని పొయ్యి మీద నుంచి దించిన తరువాతనే కలపవలెను. భోజనంతోపాటు టీ త్రాగితే అందులోని టానిన్లు ఇనుమును అందనీయవు.

ప్రభుత్వపు పళ్లెం, ఇంటి పెట్టె

ఇక్కడ ఒక విచిత్రం కనబడుతుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు ప్రకారం బడులలో వండిన భోజనం పెట్టడం రాష్ట్రాలకు విధి అయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ఇది అమలులోకి వచ్చినది. 6 నుంచి 8 తరగతుల విద్యార్థికి ఆ భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని నిబంధన ఉన్నది. అందుకు 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె అని కొలతలు కూడ నిర్ణయించినారు. రాష్ట్రంలో దీనికి గుడ్డు, వేరుశెనగ చిక్కీ, 2023 మార్చి నుంచి రాగిజావ చేరినవి.

అనగా ప్రభుత్వ పాఠశాలలో పేదవాని బిడ్డ తినే పళ్లేనికి వ్రాసిపెట్టిన కొలత ఒకటి ఉన్నది. డబ్బు కట్టి చదివించే బడికి ఇంటి నుంచి వెళ్లే పెట్టెకు ఏ కొలతా లేదు. పైన లెక్కించిన మొదటి పెట్టెను ఈ నిబంధన ప్రక్కన పెడితే అది మాంసకృత్తులలో సగానికి కూడ చేరదు. పెట్టె తెచ్చుకొనేవాడు బాగా తింటున్నాడనీ, బడిలో తినేవాడు తక్కువ తింటున్నాడనీ అనుకొనడం ఒక భ్రమ కావచ్చును.

ప్రభుత్వపు పళ్లెం కూడ విమర్శకు అతీతం కాదు. కేలరీలకు, మాంసకృత్తులకు అంకె వేసిన నిబంధన, ఇనుముకు, విటమినులకు వచ్చేసరికి తగినంత ఉండవలెనని చెప్పి ఊరుకొన్నది. తగినంత అనే మాటను కొలిచే తక్కెడ ఏ వంటగదిలోను ఉండదు.

నాలుగు గంటల రసాయనం

రెండవ పెట్టె అంకెలలో గెలిచినంత మాత్రాన పని తీరదు. మధ్యాహ్నానికి జొన్నరొట్టె అట్టవలె బిగిసిపోతే దానిని బిడ్డ తినదు. ఉడికినప్పుడు పిండిపదార్థపు అణువుల గొలుసులు నీటిని పీల్చి, ఉబ్బి, మెత్తబడతాయి. చల్లారిన కొద్దీ అవి మరల దగ్గరకు చేరి బిగుసుకొంటాయి. అన్నం గట్టిపడడానికి కూడ ఇదే కారణం. పైగా గోధుమలోవలె సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నలో లేదు. కనుక జొన్న మంచిదని ఉపదేశించేవారు దానిని మధ్యాహ్నం వరకు మెత్తగా నిలిపే ఉపాయం కూడ చెప్పవలెను. రొట్టెను పలుచగా తట్టి, వేడి తగ్గుతుండగానే తుంచి, చిక్కని పప్పులో నాననిచ్చి పంపితే చిక్కు తీరుతుంది. ఊరిబిండిని వేరే చిన్న గిన్నెలో పెట్టవలెను. రొట్టె ఒల్లని బిడ్డకు కొర్ర అన్నంతో చిత్రాన్నం కలపవచ్చును.

పెరుగన్నం మరొక ఉదాహరణ. ఉదయమే పుల్లని పెరుగు కలిపితే మధ్యాహ్నానికి అది నోట పెట్టరానిదవుతుంది. చల్లారిన అన్నంలో కాచిన పాలు గోరువెచ్చగా పోసి, చెంచాడు పెరుగు కలిపి పంపే ఇల్లాలికి ఆమ్లాల శాస్త్రం తెలియకపోవచ్చును. కాని పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు మెల్లగా లాక్టిక్ ఆమ్లంగా మార్చే వేగాన్ని ఆమె బడి గంటతో సరిచూసుకొన్నది. ఇది వంటింటిలో పుట్టిన విజ్ఞానం. నక్షత్రపు ఆకారాలు నేర్పే సలహాలలో దీనికి చోటు లేదు.

రాత్రి మిగిలిన అన్నాన్ని తెల్లవారి పోపు పెట్టి పంపే అలవాటు మాత్రం ప్రమాదకరమైనది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికే వేడికి కూడ చావవు. అన్నం గది వేడిలో రాత్రంతా ఉంటే అవి మొలకెత్తి, వృద్ధి పొంది, వాంతులు కలిగించే విషాన్ని విడువగలవు. ఆ విషం మరల వేయించినా నశించదు. పైన పిండిన నిమ్మరసానికీ లొంగదు. జూన్ నెలలో బడులు తెరిచేనాటికి కూడ నంద్యాల సీమలో వేడి తక్కువేమీ కాదు. కనుక పెట్టెలోకి ఆ ఉదయం వండిన అన్నమే వెళ్లవలెను. పులుపు వంటలకు అల్యూమినియం గిన్నె పనికిరాదు; ఆమ్లం ఆ లోహాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. స్టీలు గిన్నె మేలు.

అందమంటే ఏమి?

బొమ్మల భోజనపు పెట్టెకు పుట్టినిల్లు జపాను. అక్కడి బెంటో పెట్టెల చిత్రాలు చూసియే ఇక్కడి సలహాలు చాలవరకు తయారైనవి. కాని అదే జపానులో 1954లోనే బడి భోజనానికి ప్రత్యేక చట్టం వచ్చినదనీ, అక్కడి ప్రాథమిక పాఠశాలలలో పిల్లలు సాధారణంగా తరగతిలో కలిసి ఒకే రకమైన భోజనం తింటారనీ ఆ సలహాలు చెప్పవు. బొమ్మను తెచ్చుకొని, బంతిని వదలివేసినారు.

తెలుగువారికి ఈ విషయం కొత్తది కాదు. పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలుర చల్ది భోజనం ప్రసిద్ధమైన ఘట్టం. అక్కడి తిండి పెరుగన్నం, ఊరగాయలు. ఆ భోజనానికి అందం తెచ్చినది చుట్టూ కూర్చున్న చెలికాండ్రు, ఒకరి చల్ది ఒకరు రుచి చూడడం, నవ్వులాట. చల్దిలోని రుచికి ఈ తోడు కూడ ఒక దినుసు.

నేటి పరిశోధన కూడ దీనికి దగ్గరగానే ఉన్నది. పిల్లలు ఒక కొత్త తిండిని ఎన్నిసార్లు రుచి చూస్తే దానిపై వారికి అంత ఇష్టం పెరుగుతుందని అమెరికాలో లీన్ బర్చ్ 1982లో రెండేండ్ల పిల్లలతో జరిపిన ప్రయోగాలలో చూపినది. ఒకనాడు కొర్ర అన్నం మిగిల్చి తెచ్చినదని దానిని మానివేయడం తొందరపాటు. కొంచెం కొంచెంగా, మరల మరల పెట్టవలెను.

తెల్లన్నం గౌరవమనీ, జొన్నరొట్టె మోటు అనీ బడిలో ఒక మాట పుట్టినదంటే మాత్రం తల్లి చేసిన శ్రమంతా వృథా. మూత సగం తెరిచి, చేయి అడ్డం పెట్టుకొని తినే బిడ్డ ఆ మరునాడు రొట్టె వద్దంటుంది. ఈ సిగ్గును పోగొట్టగలవాడు ఉపాధ్యాయుడు. ఆయన తన పెట్టెలో రాగిసంగటియో, జొన్నరొట్టెయో తెచ్చుకొని పిల్లల నడుమ కూర్చుండి తింటే వంద ఉపన్యాసాల పని జరుగుతుంది. ఎవరి పెట్టెలో ఏమున్నా ఎగతాళి చేయరాదన్న నియమం తరగతి నియమాలలో మొదటిది కావలెను.

బొమ్మల సలహాలలో మరొక లోపం తల్లి వేళను లెక్కించకపోవడం. తెల్లవారకముందే లేచి, వంట ముగించి, పత్తి తీయడానికో, మిరప కోయడానికో కూలికి వెళ్లే తల్లికి క్యారెట్టు పువ్వులు కోసే తీరిక ఎక్కడిది? ఆ పువ్వు లేనందుకు ఆమె తన బిడ్డకు ఏదో తక్కువ చేసినట్లు బాధపడితే, ఆ బాధకు ఆ సలహాయే కారణం. రంగుకు విలువ లేకపోలేదు. ఆకుకూరల పచ్చదనం, క్యారెట్టు ఎరుపు పోషక పదార్థాలకు గుర్తులు. సీసాలో వచ్చే రంగు దేనికీ గుర్తు కాదు. ఆకుకూర పప్పులో ఆకు పచ్చగా కనబడితే చాలును. దానిని చిలుకవలె దిద్దనక్కరలేదు.

ఉన్నత పాఠశాలలో ఇదంతా ఒక వారపు ప్రయోగంగా చేయవచ్చును. ఇష్టపడిన విద్యార్థులు తమ పెట్టెలో తెచ్చినది, మిగిలినది పేరు వ్రాయకుండా తూచి పట్టికలో నింపవలెను. పాలు కలిపిన పెరుగన్నాన్ని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీలి లిట్మసు కాగితంతో పరీక్షించవలెను. అయోడిన్ చుక్కతో పిండిపదార్థాన్ని గుర్తించవలెను. మైలుతుత్తం, కాస్టిక్ సోడా ద్రావణాలతో మాంసకృత్తుల ఊదారంగును ఉపాధ్యాయుడే చూపవలెను. వారాంతంలో ఏ తిండి ఎక్కువగా మిగిలినదో, ఎందుకు మిగిలినదో పిల్లలే చర్చించి తల్లులకు చెప్పవలెను. అప్పుడు సాయంత్రం గిన్నె కడిగే చోట దొరికే సాక్ష్యం మరునాటి ఉదయపు వంటకు ఉపయోగపడుతుంది. ఖాళీగా ఇల్లు చేరిన పెట్టెకంటె అందమైన పెట్టె లేదు.