సరిహద్దు పాటకు ఇంటి స్టూడియో

పెన్‌గంగ ఒడ్డున కిన్వట్ పట్నం, దాన్ని ఆనుకుని గోకుంద. ఇప్పుడది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా కిన్వట్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సరిహద్దు జరిగింది గానీ మనుషులు, వాళ్ల మాటలు జరగలేదు. తెలుగు, మరాఠీ, గోండి, కొలామి, లంబాడీ ఈ తాలూకాలో ఇప్పటికీ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఒక భాష పలుకుబడి ఇంకో భాష పాటలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇలాంటి పాటను పట్టుకోవాలంటే పాడేవాళ్లను దూరపు స్టూడియోకు తీసుకుపోవడం కంటే స్టూడియోనే ఇంటికి తెచ్చుకోవడం మేలు. గంటల లెక్కన అద్దె కట్టే గదిలో, కొత్త మనుషుల ముందు, ఒక పెద్దావిడ గొంతు బిగుసుకుంటుంది. తోటి ఆడవాళ్లు వంత పాడితే తప్ప ఆమెకు తర్వాతి చరణం గుర్తుకు రాదు. ఇంట్లో అయితే గొంతుకు తొందర ఉండదు, యాసకు దిద్దుబాటు ఉండదు.

ఇంటి రికార్డింగ్‌ను పేదవాడి సర్దుబాటుగా చూడకూడదు. దానికి తనదైన సంప్రదాయం ఉంది. మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు ఎక్కించే పోర్టాస్టూడియో యంత్రం 1979లో వచ్చింది. అలాంటి యంత్రం మీదే అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 తొలి రోజుల్లో న్యూజెర్సీలోని తన ఇంట్లో కొన్ని పాటల నమూనాలు పాడి పెట్టుకున్నాడు. తర్వాత స్టూడియోలో బ్యాండుతో ప్రయత్నించినా ఇంటి పాటల్లోని బిగి రాలేదు. చివరకు ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదలైంది.

ముందు గది

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మైకు కోసం వెతుకుతారు. వెతకాల్సింది గదిని. సిమెంటు గోడలు, టైల్స్ ఉన్న ఖాళీ గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. వెంటనే సన్నటి గింగురు వినపడుతుంది. ఎంత ఖరీదైన మైకైనా ఆ గింగురును కూడా పాటతోపాటే పట్టుకుంటుంది, తర్వాత దాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం.

ఇది పత్తి పండే నేల. గదికి కావలసిన మందు ఇక్కడే ఉంది. పాత బొంతలు, దూది పరుపులు ధ్వనిని బాగా పీల్చుకుంటాయి. బొంతను గోడకు అతికించకుండా జానెడు ఎడం వదిలి వేలాడదీయాలి. గోడను తాకే చోట గాలి దాదాపు కదలదు, కొంత ఇవతల బాగా కదులుతుంది. కదిలే గాలిని ఆపితేనే దూది ధ్వని శక్తిని తాగేస్తుంది. సెకనుకు వెయ్యిసార్లు కంపించే ధ్వని తరంగం పొడవు దాదాపు 34 సెంటీమీటర్లు, వందసార్లు కంపించేదానిది దాదాపు మూడున్నర మీటర్లు. అందుకే పలచటి బొంత కీచుదనాన్ని తగ్గిస్తుంది కానీ డోలు అడుగు మోతను ఆపలేదు. దానికోసం మూలల్లో మందపాటి పరుపులు నిలబెట్టాలి. గుడ్ల అట్టలు అతికిస్తే సరిపోతుందన్న మాట నమ్మవద్దు.

బొంతలు గదిలో మోతను తగ్గిస్తాయి గానీ బయటి చప్పుడును ఆపవు. ముద్‌ఖేడ్–ఆదిలాబాద్ లైను మీద వచ్చే రైలు కూతను బరువైన గోడ, సందులేని తలుపే అడ్డుకోగలవు. అవి లేనప్పుడు వేళ చూసుకోవాలి. ఊరు సద్దుమణిగాక, ఫ్యాను కట్టేసి, రైళ్ల సమయం తెలుసుకుని పాడించాలి. రేకుల ఇల్లయితే వాన లేని రోజు కావాలి.

కొనవలసినవి

ఇంట్లో కంప్యూటర్ ఉంటే మిగతావి సుమారు పాతిక, ముప్పై వేల రూపాయల్లో కుదురుతాయి. ఒక మైకు, దాని స్టాండు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ‘ప’, ‘భ’ లాంటి అక్షరాల ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. స్పీకర్లు తర్వాత కొనవచ్చు.

కండెన్సర్ మైకు సున్నితమైనది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. పక్కింటి మిక్సీని కూడా అది వదలదు. డైనమిక్ మైకు అంత సున్నితం కాదు, అందుకే సరిగా సిద్ధం చేయని గదిలో మొదటి మైకుగా అదే నయం. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చే లేదు. ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది.

దూరమే వాల్యూమ్

మైకు ముందు మనిషిని ఎక్కడ నిలబెట్టాలన్నదే ఈ పనిలో అసలు విద్య. 1925కు ముందు, కరెంటు మైకులు రాని కాలంలో, గాయకులు గ్రామఫోన్ రికార్డు కోసం పెద్ద బాకా ముందు పాడేవారు. గట్టిగా మోగే వాద్యాన్ని వెనక్కి, మెత్తని గొంతును ముందుకు జరిపి పాళ్లు కుదిర్చేవారు. ఆ పద్ధతి ఈరోజుకూ పనికొస్తుంది. గింగురు లేని చోట దూరం రెట్టింపైతే ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఒక్క గొంతుకు మైకు జానెడు దూరంలో ఉండాలి. బెత్తెడు దూరానికి వస్తే, ఒకవైపే వినే మైకుల్లో గొంతు అడుగు స్వరం బరువెక్కి మాట ముద్దగా వినపడుతుంది. మూరెడు దాటితే గది వినపడుతుంది. డప్పును రెండు మూడు బారల దూరంలో, మైకుకు కొంచెం పక్కగా ఉంచాలి. బతుకమ్మ పాటలా వలయంగా నిలబడి పాడేటప్పుడు అన్నివైపులా వినే మైకును మధ్యలో పెట్టి, ముందు పాట ఎత్తుకునే ఆమెను ఒక అడుగు లోపలికి రమ్మంటే చాలు. చప్పట్లు, వంత, ప్రధాన గొంతు వాటి చోట్లలో అవే కూర్చుంటాయి.

రికార్డింగ్‌ను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టుకోండి. ఒక ట్రాకుకు నిమిషానికి ఎనిమిదిన్నర మెగాబైట్లకు కాస్త పైన పడుతుంది. గొంతు ఎంత ఎత్తుకు పోయినా మీటరు సుమారు మైనస్ 10 డెసిబెల్స్ దాటకూడదు. సున్నాను తాకితే పాట పగులుతుంది, దాన్ని పూర్తిగా బాగుచేయలేం. సన్నటి హూంకారం వినపడితే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. చాలాసార్లు అది 50 హెర్ట్జ్ కరెంటు మోతే.

ఎందుకింత శ్రమ

రాజ్‌గోండుల పురాణాలను ప్రధాన్ తెగ గాయకులు కీకిరి అనే కమాను వాద్యం వాయిస్తూ పాడతారు. ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన గ్రంథం 1948లో అచ్చయింది. ఆ పుస్తకం వల్ల వాళ్ల కథలు ఎందరికో తెలిశాయి. కానీ కాగితం కథను మోస్తుంది గానీ, తీగ మీద కమాను ఎక్కడ తడబడిందో, గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో మోయలేదు. రాగం, యాస, గుక్క కలిస్తేనే అది పాట.

పాడించేముందు పాడేవాళ్ల అనుమతి అడగండి. ఎవరికి వినిపిస్తారో, డబ్బు వస్తే ఎలా పంచుతారో ముందే చెప్పండి. పాట మొదట్లోనే పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే పలికించండి. కుదించని వేవ్ ఫైలును రెండు చోట్ల దాచి, ఒక ప్రతి పాడినవాళ్ల కుటుంబానికి ఇవ్వండి. హంగులు ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. గోకుంద లాంటి ఊళ్లో ఇన్ని భాషల నీడన పెరిగిన ఒక గొంతు ఈ ఏడు ఉన్నట్టు వచ్చే ఏడు ఉండకపోవచ్చు. కొత్త మైకు కోసం డబ్బు కూడబెడుతూ ఆగకండి. ఉన్న ఫోనుతోనైనా, బొంతలు కట్టిన గదిలో, ఈ వారమే మొదలుపెట్టండి.